కొండల రంగుల్లో దైవ సూచనలు

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, ప్రియ సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్ఆన్‌లో ఫాతిర్ అనే సూరా ఉంది. అందులోని 27, 28 వాక్యాలను మనం ఎన్నోసార్లు చదివి ఉంటాం. అల్లాహ్ అక్కడ ముందు ఆకాశం నుంచి కురిసే వర్షాన్ని, ఆ వర్షంతో పండే రంగురంగుల ఫలాలను గుర్తు చేస్తాడు. ఆ తరువాత కొండల వైపు మన చూపు తిప్పుతాడు. వాటిలో తెల్లని చారలున్నాయి, ఎర్రనివి ఉన్నాయి, కారునల్లనివి ఉన్నాయి, చూడండి అంటాడు. మనుషులు, జంతువులు, పశువులు కూడా అలాగే పలు వర్ణాలతో ఉన్నారని చెబుతాడు. ఆ వెంటనే, అల్లాహ్‌కు నిజంగా భయపడేవారు ఆయన దాసుల్లో జ్ఞానం కలవారేనని సెలవిస్తాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. కొండల రంగులకూ దైవభీతికీ సంబంధం ఏమిటి? కొండను చూడడానికి కళ్ళుంటే చాలు కదా, జ్ఞానం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఈ నెల మనం మూడు నేలల గురించి మాట్లాడుకుందాం. ఒకటి తెల్లనిది, ఒకటి ఎర్రనిది, ఒకటి నల్లనిది. మొదటిది సముద్రాల అవతల ఉంది. రెండోది మన రాష్ట్రంలోనే ఉంది. మూడోది మన కాళ్ళ కిందే ఉంది.

తెల్లని కొండలు

ఇంగ్లండులో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఇంటికి పంపే ఫోటోల్లో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. పైన పచ్చని గడ్డి, కింద నీలి సముద్రం, ఆ రెంటి మధ్య గోడలా నిలువునా నిలబడిన తెల్లని కొండ. అవి ఆ దేశపు దక్షిణ తీరంలోని సుద్ద కొండలు. డోవర్ దగ్గరివి చాలా ప్రసిద్ధమైనవి. సీఫోర్డ్, ఈస్ట్‌బోర్న్ పట్టణాల మధ్య ఉన్నవాటిని సెవెన్ సిస్టర్స్ అంటారు. ఆ పక్కనే ఉన్న బీచీ హెడ్ ఎత్తు 162 మీటర్లు. అంటే దాదాపు యాభై అంతస్తుల మేడంత.

ఆ తెలుపు ఎక్కడిది? ఒకప్పుడు ఆ నేల సముద్రపు అడుగు. కంటికి కనబడనంత చిన్న నాచుజీవులు ఆ నీటిలో బ్రతికేవి. వాటి ఒంటిపై సున్నపు పదార్థంతో చేసిన పలుచని పెంకులుండేవి. అవి చనిపోయినప్పుడు ఆ పెంకులు అడుగుకు చేరి, పొర మీద పొరగా కోట్ల సంవత్సరాలపాటు పేరుకొని సుద్దగా గట్టిపడ్డాయి. సుమారు 10 కోట్ల ఏళ్ళ క్రితం నుంచి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం వరకు ఇది సాగిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. తరువాత భూమి కదలికలతో ఆ అడుగు పైకి లేచింది. ఆ తెల్లని గోడలో అక్కడక్కడా నల్లని చెకుముకిరాళ్ళ వరుసలు కూడా చారల్లా కనిపిస్తాయి.

ఇంకొక విషయం మనసును తాకుతుంది. ఆ కొండ తెల్లగా ఉండడానికి కారణం అది విరిగిపడుతూ ఉండడమే. అలలు అడుగు భాగాన్ని కోస్తూ ఉంటాయి. పైనున్న సుద్ద పెళ్ళలుగా ఊడిపడుతుంది, లోపలి కొత్త తెలుపు బయటికి వస్తుంది. రేవుల నిర్మాణం వల్ల అలలు తాకని చోట్ల అదే కొండపై మొక్కలు మొలిచి, తెలుపు మరుగునపడుతుంది. ఆ తీరం ఏటేటా కాస్త కాస్తగా వెనక్కి జరుగుతూనే ఉంది. చూసేవారికి అది శాశ్వతమైన కోటగోడలా కనిపిస్తుంది. నిజానికి అది ప్రతిరోజూ తరిగిపోతున్న సృష్టి. శాశ్వతత్వం కొండకు కూడా లేదు, అది అల్లాహ్‌కు మాత్రమే చెల్లు.

ఎర్రని దిబ్బలు

తెల్లని కొండలు చూడడానికి అందరం విమానం ఎక్కలేం. ఎక్కనవసరం కూడా లేదు. మన ఆంధ్ర తీరంలోనే విశాఖపట్నానికి, భీమునిపట్నానికి మధ్య సముద్రపు ఒడ్డున ఎర్రమట్టి దిబ్బలున్నాయి. విజయవాడ నుంచి విశాఖకు రైలులో 350 కిలోమీటర్లు. అక్కడి నుంచి భీమిలి వెళ్ళే దారిలో దాదాపు 20 కిలోమీటర్లు పోతే ఆ దిబ్బలు వస్తాయి. మేము కొందరం కుటుంబాలతో కలిసి వెళ్ళి వాటిని చూసివచ్చాం.

చదునైన పొలాలు, కాలువ గట్లు, తాటిచెట్లు చూస్తూ పెరిగిన డెల్టా వాళ్ళకు ఆ చోటు వేరే లోకంలా అనిపిస్తుంది. పైనుంచి చూస్తే మామూలు నేలే. నాలుగడుగులు వేసి లోపలికి దిగితే, వాననీరు కోసిన లోతైన గండ్లు, సన్నని మలుపులు, రెండు పక్కలా ఎర్రని గోడలు. మాతో వచ్చిన పిల్లలు ఆ గోడపై చేయి వేసి చూశారు. రాయి అనుకున్నది ఇసుక! గోరుతో గీస్తే రాలిపోతోంది. ఒకే గోడలో లేత పసుపు, ఇటుక ఎరుపు, ముదురు గోధుమ రంగు పొరలు కనిపించాయి.

ఈ దిబ్బలు తీరం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడవున, 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల వెడల్పున పరచుకొని ఉన్నాయి. దాదాపు 20 వేల ఏళ్ళ క్రితం భూమిపై మంచు ఎక్కువగా ఉన్న కాలంలో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి ఒడ్డున పోసింది. సముద్రం ముందుకు రావడం, వెనక్కి పోవడం, రుతుపవనాలు, చెట్టూచేమా అన్నీ కలిసి వేల సంవత్సరాల్లో ఈ దిబ్బలను తీర్చిదిద్దాయి. ఇసుకలోని ఇనుము గాలికి, తేమకు తుప్పుపట్టి ప్రతి రేణువుకూ ఎర్రని పూతలా అంటుకుంది. మన ఇంటి గేటుకు పట్టే తుప్పులాంటిదే ఆ అందమైన ఎరుపు!

దక్షిణాసియాలో ఇలాంటి ఎర్రని తీర ఇసుక నేలలు ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. అందుకే జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో కూడా వీటికి చోటు దక్కింది.

నల్లని నేల

ఇక మూడోది మన నేల. కృష్ణా డెల్టాలో సముద్రతీరాన ఎత్తైన గట్టు ఒక్కటీ లేదు. మచిలీపట్నం వైపు వెళ్ళినా, అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్ళినా నేల సముద్రంలోకి జారుతున్నట్టే ఉంటుంది. ఈ నల్లమట్టి ఇక్కడ పుట్టింది కాదు. కృష్ణానది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి, దారిపొడవునా కొండలను, చేలను కడిగి తెచ్చిన ఒండ్రు ఇది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ళు, ఈ మట్టి కలిసి మన పళ్ళెంలో అన్నమయ్యాయి.

ఎక్కడో కురిసిన వానతో, ఎవరికీ కనబడకుండా, రేణువు రేణువుగా మనకోసం నేలను పరచినవాడు ఎవరు? మనం ఆయనకు ఈ మట్టి గురించి ఎన్నడైనా కృతజ్ఞతలు చెప్పుకున్నామా?

ఈ నేల మనకు వినయాన్ని కూడా నేర్పింది. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినప్పుడు పది వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎక్కి తలదాచుకోవడానికి ఒక గుట్ట కూడా లేని నేల అది. ఆ రాత్రిని చూసిన పెద్దలు ఇప్పటికీ సముద్రం గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. భీమిలి దిబ్బల మీద నిలబడి సముద్రాన్ని చూస్తున్నప్పుడు మాలో వయసులో పెద్దవారికి ముందుగా గుర్తొచ్చింది ఆ ఉప్పెనే. ఎత్తైన చోటు కూడా ఒక దైవానుగ్రహమని పల్లపు నేలవాళ్ళకు వేరే చెప్పాలా?

ఇప్పుడు ఈ నేలకు మరో కష్టం వచ్చింది. ఎగువన కట్టిన పెద్ద జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో నది సముద్రం దాకా మోసుకొచ్చే మట్టి బాగా తగ్గింది. దాంతో డెల్టా తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది. జలాశయాలు మనకు అవసరమే. కానీ ప్రతి ప్రయోజనం వెనుక ఒక మూల్యం ఉంటుందని, దాన్ని లెక్క చూసుకోవడం మన బాధ్యతేనని ఇది గుర్తు చేస్తోంది.

మనమంతా పిడికెడు మట్టి

ఈ మూడు రంగులనూ ఒకచోట చేర్చిన హదీసు ఒకటుంది. అబూ మూసా అష్‌అరీ (రజి) ద్వారా అందిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ భూమి నలుమూలల నుంచి తీసిన పిడికెడు మట్టితో ఆదమ్ (అలైహిస్సలాం) ను సృష్టించాడనీ, అందుకే ఆయన సంతతి ఆ మట్టిని పోలినట్టే ఎర్రగా, తెల్లగా, నల్లగా, వాటికి మధ్యస్థంగా ఉందనీ, వారిలో మెత్తనివారు, కఠినులు, మంచివారు, చెడ్డవారు ఉన్నారనీ దైవప్రవక్త (స) తెలియజేశారు.

సోదరులారా! ఫాతిర్ సూరా కొండల రంగుల వెంటనే మనుషుల రంగులను ఎందుకు ప్రస్తావించిందో ఇప్పుడు అర్థమవుతుంది. తెల్లని కొండను చూసి ఆహా అంటాం, ఎర్రని దిబ్బను చూసి మురిసిపోతాం, నల్లని చేలో నాట్లు వేసి బ్రతుకుతాం. ఏ మట్టినీ తక్కువగా చూడం. మరి పెళ్ళిచూపుల్లో అమ్మాయి రంగు తక్కువని ఎందుకు మొహం తిప్పుకుంటున్నాం? మన ఇళ్ళల్లో చామనఛాయ పిల్లను కన్న తల్లి ఎన్ని మాటలు పడుతోందో మనకు తెలియదా? ఆ మాటలన్నీ చివరికి ఎవరి పనితనాన్ని తప్పుపడుతున్నాయి? కొండలకు రంగులద్దినవాడే ఆ బిడ్డకూ రంగునిచ్చాడు.

ఏ మట్టి నుంచి వచ్చామో ఆ మట్టికే తిరిగి వెళతామని, దాని నుంచే మళ్ళీ లేపబడతామని ఖుర్ఆన్ బోధిస్తోంది. ఖననం వేళ మూడు దోసిళ్ళ మట్టి వేస్తూ మనం గుర్తు చేసుకునేదీ ఇదే. అలాంటి మనకు గర్వం దేనికి?

జ్ఞానం భయాన్ని ఎలా పుట్టిస్తుంది?

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. చూడడానికి కళ్ళు చాలు. కానీ చూసినదాని విలువ తెలియాలంటే జ్ఞానం కావాలి. ఎర్రమట్టి దిబ్బ వట్టి మట్టి కుప్ప అనుకున్నవాడు దాన్ని లారీకెత్తి అమ్ముకోవచ్చు కదా అనుకుంటాడు. అది వేల సంవత్సరాల గాలి, వాన, సముద్రం కలిసి ఒక ప్రభువు ఆజ్ఞకు లోబడి చేసిన పని అని తెలిసినవాడికి దానిపై పలుగు వేయడానికి చేయి రాదు. ఆ వెనకడుగు దైవభీతి నుంచి పుట్టినది. ప్రభువు దగ్గర లెక్క చెప్పాలన్న ఎరుక అది.

భూమిలో సంచరించి, సృష్టి ఎలా మొదలైందో చూడమని ఖుర్ఆన్‌లోని అన్కబూత్ సూరా ఆదేశిస్తోంది. కనుక విశ్వాసికి యాత్ర అంటే కాలక్షేపం ఒక్కటే కాదు, అది ఒక పాఠం. మన పాఠశాలల్లో భూగోళం, సైన్సు చెప్పే ఉపాధ్యాయులు పిల్లలకు ఈ సూచనలను చదవడం నేర్పుతున్నారు. ఆ చదువును ధర్మానికి దూరమైనదిగా చూడకండి. కొండను చదవడం తెలిసిన బిడ్డకు కొండను చేసినవాడి గొప్పతనం చెప్పడం మన పని.

భూమి మన దగ్గరున్న అమానత్

అల్లాహ్ మానవుణ్ణి భూమిపై ప్రతినిధిగా నియమించాడు. ప్రతినిధి యజమాని కాడు. తనకు అప్పగించినదాన్ని కాపాడి, అడిగిన రోజున అప్పజెప్పాలి. ఇతరుల భూమిని జానెడైనా అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర దాన్ని చుట్టడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

2024 జూలైలో ఎర్రమట్టి దిబ్బలను ఆనుకొని ఉన్న నేలను యంత్రాలతో చదును చేస్తున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ప్రజలు, పర్యావరణ ప్రేమికులు అభ్యంతరం చెప్పడంతో ఆ పనులు ఆగాయి. దూరాన ఉన్న దిబ్బల మాట మనకెందుకు అనుకోకండి. అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో మునిగాయి. వాగు నడిచే దారిని ఆక్రమణలు ఇరుకు చేశాయన్న మాట అప్పుడు అందరి నోటా వినిపించింది. వాగు దారి మూసి వేసిన ప్లాటు ఎవరిది? అమ్మినవాడిదా, కొన్నవాడిదా, చూసి ఊరుకున్నవాడిదా? కాగితాలు సరిగ్గా ఉన్నాయనే మాట ప్రళయదినాన సరిపోతుందా? కొత్తగా స్థలం కొనబోయే ప్రతి సోదరుడూ ముందు ఆ నేల ఏ వాగుకు, ఏ చెరువుకు, ఏ పొరుగువాడికి చెందినదో విచారించుకోవాలి.

చూడడానికి వెళ్ళేవారికి కొన్ని మాటలు

మన బాధ్యత పెద్ద పెద్ద ఆక్రమణలతోనే ఆగదు. ఆ దిబ్బల గోడలపై పేర్లు, గుండె బొమ్మలు చెక్కినవారు మనలాంటి ఇళ్ళ పిల్లలే. మెత్తని ఇసుకగోడపై ఒక పేరు చెక్కితే, వాననీరు ఆ గాటులోంచే దిగి ఆ పెళ్ళ మొత్తాన్ని కూల్చగలదు. పిల్లలకు బయలుదేరే ముందే ఈ సంగతి చెప్పాలి.

దారిలోంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) చెప్పారు. మరి బిర్యానీ పొట్లాలు, నీళ్ళ సీసాలు అక్కడే పడేసి రావడం దేనికి శాఖ అవుతుంది? తెచ్చిన సంచిలోనే చెత్త తిరిగి తీసుకురండి. మనుషులు నడిచే దారిలో, నీడలో, నీటి దగ్గర మలవిసర్జన చేయడాన్ని ఆయన తీవ్రంగా నిషేధించారన్న విషయం కూడా గుర్తుంచుకోండి.

అంచు దగ్గర జాగ్రత్త వహించండి. సుద్ద కొండైనా, ఇసుక దిబ్బైనా పైన గట్టిగా కనిపించి కింద బోలుగా ఉండవచ్చు. ఫోటో కోసం అంచున నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మనం వింటూనే ఉన్నాం. పిట్టగోడ లేని మిద్దెపై పడుకోవడాన్ని కూడా మన ప్రవక్త (స) వారించారు. మరి పిట్టగోడే లేని కొండ అంచున వెనక్కి నడుస్తూ ఫోటో దిగడం ఎలా సమంజసం? మన చేతులతో మనల్ని నాశనంలో పడవేసుకోవద్దని ఖుర్ఆన్ ఆజ్ఞ.

నమాజును మరువకండి. విజయవాడ నుంచి విశాఖ వెళ్ళేవారు ప్రయాణికులే కనుక నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేసుకునే సౌలభ్యం ఉంది. నీరు దొరకని చోట పరిశుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చు. భూమి మొత్తాన్ని ఈ సముదాయానికి సజ్దా చేసుకునే చోటుగా, శుద్ధినిచ్చేదిగా చేయడం జరిగిందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఏ మట్టి మనల్ని నమాజుకు శుద్ధి చేయగలదో ఆ మట్టిని మనం మురికి చేయవచ్చా?

ఖర్చు విషయంలో మితం పాటించండి. తీర్చవలసిన అప్పు పెట్టుకొని, పొరుగింట్లో పొయ్యి వెలగకుండా ఉండగా విహారాలకు పోవద్దు. స్తోమత ఉంటే మాత్రం ఇంటి ఆడవాళ్ళనూ, ముసలివారినీ తీసుకువెళ్ళండి. దైవసూచనలు చూసే హక్కు వారికీ ఉంది. ఎన్నో ఏళ్ళుగా వంటగది కిటికీలోంచే ఆకాశాన్ని చూసిన తల్లి, సముద్రపు ఒడ్డున నిలబడి సుబ్‌హానల్లాహ్ అంటే, ఆ మాట పలికించిన బిడ్డకు కూడా అల్లాహ్ పుణ్యఫలం ప్రసాదిస్తాడని ఆశిద్దాం.

ఎక్కడికీ వెళ్ళలేని వారు దిగులు పడనక్కరలేదు. పొలం గట్టున, ఇంటి పెరట్లో పిడికెడు నల్లమట్టి చేతిలోకి తీసుకోండి. అది ఎంత దూరం నుంచి వచ్చిందో, ఎన్ని ఏళ్ళు ప్రయాణించిందో, ఎవరి ఆజ్ఞతో మీ వాకిట్లో ఆగిందో ఆలోచించండి. సూచనలను వెతికే మనసుకు ఆ పిడికెడు చాలు.

ఓ అల్లాహ్! నీ సృష్టిని చూసే కళ్ళతోపాటు అర్థం చేసుకునే జ్ఞానాన్ని మాకు ప్రసాదించు. ఆ జ్ఞానం నుంచి నీ భయాన్ని, నీ భయం నుంచి సత్కర్మలను మాలో పుట్టించు. మట్టి నుంచి వచ్చిన మమ్మల్ని మట్టికి ద్రోహం చేయనివారిగా ఉంచు. మా పల్లపు నేలలను, మా తీరాలను, వాటిపై బ్రతికే అన్ని మతాల, అన్ని రంగుల ప్రజలను ఉప్పెనల నుంచి, వరదల నుంచి కాపాడు. మేము తిరిగి మట్టిలో చేరే రోజున మమ్మల్ని నీ కారుణ్యంతో ఆదరించు. ఆమీన్.